కెనడాలోని మానిటోబా ప్రావిన్స్ నామినేషన్ వస్తే పీఆర్ (శాశ్వత నివాస హక్కు) వచ్చేసినట్టేనా?

లేదండీ, సగం దారి వచ్చినట్టు, అంతే. ప్రావిన్స్ చేసేది "ఈ మనిషి మాకు కావాలి" అని చెప్పడం వరకే. మెడికల్, పోలీస్ సర్టిఫికెట్, గత చరిత్ర అన్నీ చూసి పీఆర్ ఇచ్చేదీ ఆపేదీ ఫెడరల్ ఇమిగ్రేషన్ శాఖే.

మీ నామినేషన్ ఏ రకమో ముందు చూసుకోండి. ఎక్స్‌ప్రెస్ ఎంట్రీతో (పాయింట్లను బట్టి పీఆర్‌కి పిలిచే ఫెడరల్ పద్ధతి) ముడిపడినదైతే మీ స్కోరుకి ఏకంగా 600 పాయింట్లు కలుస్తాయి, ఇక పీఆర్‌కి అప్లై చేయమనే పిలుపు దాదాపు ఖాయం, అది వచ్చాక 60 రోజుల్లో పూర్తి అప్లికేషన్ పెట్టాలి. ఈ 60 రోజులు చాలా అనిపిస్తాయి గానీ, ఇండియా నుంచి పోలీస్ క్లియరెన్స్, పాత కంపెనీల నుంచి అనుభవ పత్రాలు తెప్పించుకునేసరికి ఇట్టే కరిగిపోతాయి, అందుకే పిలుపు కోసం కూర్చోకుండా ఇప్పుడే మొదలుపెట్టండి. బేస్ నామినేషన్ (ఎక్స్‌ప్రెస్ ఎంట్రీతో సంబంధం లేనిది) అయితే పాయింట్ల గొడవే లేదు, నేరుగా పీఆర్ పోర్టల్‌లో అప్లై చేస్తారు, కాకపోతే ఎదురుచూపు బాగా ఎక్కువ.

ఐఈఎల్‌టీఎస్ జనరల్ (ఇంగ్లీష్ పరీక్ష) రాశారు కదా? అకడమిక్ చెల్లదు. ఫలితానికి రెండేళ్లే గడువు, పీఆర్ అప్లికేషన్ పెట్టే రోజుకి అది దాటిపోకూడదు.

ఇంకోటి, "నామినేషన్ తీసుకుని టొరంటో వెళ్లిపోవచ్చు" అని చెప్పే స్నేహితులు ఒకరైనా ఉంటారు. పీఆర్ వచ్చాక దేశంలో ఎక్కడైనా ఉండే హక్కు ఉన్న మాట నిజమే, కానీ అప్లై చేసేటప్పుడే మానిటోబాలో ఉండే ఉద్దేశం లేదని తేలితే అప్లికేషన్ పోతుంది, అబద్ధం చెప్పారని నిర్ధారిస్తే ఐదేళ్ల నిషేధం కూడా పడొచ్చు.