కొత్తగా రేజరు పట్టిన మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి,

మామయ్య ఆశీస్సులు. నువ్వు పంపిన ఫోటో చేరింది. గడ్డం మీద రెండు, మెడ మీద మూడు కాగితం ముక్కలు అంటించుకుని యుద్ధం నుంచి తిరిగొచ్చినవాడిలా నిలబడ్డావు. మీ అత్తయ్య చూసి కంగారు పడింది. నేను మాత్రం నవ్వాను. నీ వయసులో నేనూ సరిగ్గా ఆ చోట్లే తెగ్గోసుకున్నాను మరి.

"ఈ సేఫ్టీ రేజరు నా ముఖానికి పడదు మామయ్యా, పాతదానికే వెళ్లిపోతాను" అని రాశావు. వెళ్లదలచుకుంటే వెళ్లు, అదేమీ నేరం కాదు. కానీ తప్పు రేజరుది కాదని, నీ ముఖానిది అసలే కాదని తెలుసుకుని వెళ్లు. తప్పు నీ చేతికి పట్టిన అలవాటుది. ఇన్నాళ్లూ నువ్వు వాడినది కార్ట్రిడ్జి రేజరు, అంటే బ్లేడులున్న తలనే ఊడదీసి మార్చేది. దాని తల కీలు మీద ఆడుతుంది. నువ్వు ఎలా పట్టుకున్నా అదే వంగి చెంపకు అతుక్కుంటుంది. కాస్త గట్టిగా నొక్కినా సర్దుకుపోతుంది. అలా సర్దుకుపోయి సర్దుకుపోయి నీకు నొక్కడం నేర్పింది. ఇప్పుడు నీ చేతిలో ఉన్న, రెండంచుల బ్లేడు బిగించే సేఫ్టీ రేజరుకు కీలు లేదు. ఏ కోణంలో ఆనించాలో చూసుకోవలసింది నీ మణికట్టే. బలం అక్కరలేదు. లోహపు రేజరుకు తన బరువు తనకు ఉంది, వెంట్రుకను కోయడానికి ఆ బరువు చాలు.

నమ్మకం కుదరకపోతే రేపు ఒక పని చెయ్యి. బ్లేడు తీసేసి ఖాళీ రేజరు పట్టుకో. ముఖమంతా నురుగు రాసుకుని, ఆ ఖాళీ రేజరుతో మొత్తం గడ్డం గీసినట్టు నటించు. పిడిని కొసకు దగ్గరగా రెండు మూడు వేళ్లతో మాత్రమే పట్టుకో. పిడికిలి బిగిస్తే నొక్కకుండా ఉండడం ఎవరి తరమూ కాదు. తల బరువు చెంప మీద ఎంత ఉందో అప్పుడు తెలుస్తుంది. అంతకు మించిన ఒత్తిడి ఏదైనా ఉంటే అది నీ చెయ్యి కలిపినదే.

పేరులోనే సేఫ్టీ ఉంది కదా, మరెందుకు తెగిందని అడిగావు. ఆ పేరు మంగలి మడత కత్తితో పోల్చి పెట్టింది. 1880లో న్యూయార్కులో కాంఫె సోదరులు పేటెంటు తీసుకున్న రేజరులో, బ్లేడు చర్మంలోకి లోతుగా దిగకుండా ముందు ఒక అడ్డు పెట్టారు. కానీ ఆ బ్లేడును ఎప్పటికప్పుడు తోలు పట్టీ మీద సానబెట్టుకోవలసిందే. ఆ బాధ లేకుండా పలచటి ఉక్కు రేకును వాడి పారేయవచ్చన్నది కింగ్ క్యాంప్ జిలెట్ ఆలోచన. అంత పలచటి ఉక్కుకు పదును నిలిచేలా చేయడానికి విలియం నికర్సన్ అనే ఇంజనీరు తంటాలు పడవలసి వచ్చింది. 1903లో అమ్మకానికి పెడితే ఆ ఏడాది మొత్తం మీద పోయినవి 51 రేజర్లు, 168 బ్లేడులు! మరుసటి ఏడాది పేటెంటు చేతికొచ్చింది, అమ్మకాలు వేలూ లక్షలూ దాటాయి. నూట ఇరవై ఏళ్ల తరువాత నీ చేతిలో ఉన్నదీ దాదాపు అదే పనిముట్టు. ఆ అడ్డు గాటు లోతును ఆపుతుంది గానీ గాటునే ఆపదు. పక్కకు జారితే అసలే ఆపదు. పదునైన కత్తి అయినా తిన్నగా ఆనిస్తే ఊరుకుంటుంది, పక్కకు లాగినప్పుడే కోస్తుంది. నీ గడ్డం మీది రెండు గాట్లూ అడ్డంగా ఉన్నాయి, ఫోటోలో స్పష్టంగా కనిపిస్తోంది. రేజరును చర్మం మీద ఉంచి చోటు మార్చావు. ఎత్తి మార్చాలి.

ఇక కోణం సంగతి. పుస్తకాల్లో ముప్పై డిగ్రీలు అని రాస్తారు. అద్దం ముందు కోణమాపకం పెట్టుకుని ఎవరూ గీసుకోరు కాబట్టి నేను చెవిని నమ్ముతాను. రేజరు తల పైభాగాన్ని చెంపకు పూర్తిగా ఆనించు. అప్పుడు పిడి ముఖం నుంచి దూరంగా, నేలకు సమాంతరంగా ఉంటుంది. బ్లేడు ఇంకా తగలదు. పిడిని కొద్దికొద్దిగా కిందికి దించుతూ, చిన్నగా కదుపుతూ రా. ఒకచోట సన్నగా గరగరమని శబ్దం మొదలవుతుంది. అదే నీకు కావలసిన కోణం, అక్కడే మణికట్టును ఆపెయ్యి. ఇంకా దించితే బ్లేడు కోయడం మాని చర్మాన్ని గోకుతుంది. శబ్దం కూడా బొంగురుపోతుంది. దవడ వంపు తిరిగే చోట ముఖం మారుతుంది కాబట్టి కోణం తప్పిపోతుంది, శబ్దం ఆగిపోతుంది. అప్పుడు ఆగి మళ్లీ వెతుక్కో. ఒక్కో గీత రెండు మూడు సెంటీమీటర్లకు మించనివ్వకు. కణత నుంచి దవడ దాకా ఒకే ఊపులో లాగడం ప్రకటనల్లో చూడటానికే బాగుంటుంది.

ఇదంతా సరే, అసలు సగం పని బ్లేడు ముఖానికి తగలకముందే అయిపోవాలి. ఎండు వెంట్రుక మొండిది. అదే వెంట్రుక రెండు మూడు నిమిషాలు నీళ్లు పీల్చుకుంటే ఉబ్బి మెత్తబడి తేలిగ్గా తెగుతుంది. అందుకే స్నానం అయ్యాక గీసుకోమంటాను. వీలు కాకపోతే గోరువెచ్చటి నీళ్లతో ముఖం బాగా తడిపి కాసేపు ఆగు. వేడి నీళ్లు మాత్రం వద్దు, చర్మం ఎర్రబడి తరువాత మండుతుంది. 2020లో మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ పరిశోధకులు సూక్ష్మదర్శిని కింద బ్లేడుతో వెంట్రుకలు కోసి చూశారు. ఉక్కు కన్నా యాభై రెట్లు మెత్తనైన వెంట్రుకే బ్లేడు అంచును పెచ్చుపెచ్చులుగా ఊడగొడుతోందని తేలింది. బ్లేడు మొద్దుబారడానికి మెల్లగా అరిగిపోవడం ఒక్కటే కారణం కాదన్నమాట. అది చదివినప్పటి నుంచి నాకు తడపడం మీద భక్తి ఇంకాస్త పెరిగింది.

నురుగు గురించి కాస్త ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే నీ ఫోటోలో చెంప మీద కనిపించింది నురుగు కాదు, బుడగలు. బుడగల్లో ఉండేది గాలి. గాలి మీద బ్లేడు జారదు. మంచి నురుగు దట్టంగా, తళతళలాడుతూ, కంటికి బుడగ కనపడకుండా ఉంటుంది. బ్రష్షు ఎత్తితే కొస నిలబడి కాస్త తల వంచాలి. బ్రష్షు పంది వెంట్రుకలదైతే ముందు కొన్ని నిమిషాలు నీళ్లలో నానబెట్టు. కృత్రిమ పీచుదైతే తడిపితే చాలు. నీళ్లు విదిలించి, సబ్బు బిళ్ల మీద అర నిమిషం గుండ్రంగా తిప్పు. అందరూ తొందరపడేది ఇక్కడే. సబ్బు తక్కువ తీసుకుంటే తరువాత ఎంత తిప్పినా బుడగలే వస్తాయి. ఆ తరువాత ముఖం మీద గానీ గిన్నెలో గానీ తిప్పుతూ, నాలుగైదు చుక్కల చొప్పున నీళ్లు కలుపుతూ పో. పొడిగా, ముద్దగా ఉంటే నీళ్లు చాలలేదు. కారిపోతుంటే ఎక్కువయ్యాయి. మీ నీళ్లు ఉప్పు నీళ్లయితే సబ్బు ఇంకా ఎక్కువ పడుతుంది. రెండు వేళ్ల మధ్య రాసి చూడు, వేళ్లు ఒకదాని మీద ఒకటి నిలవకుండా జారిపోతుంటే సిద్ధమైనట్టే. డబ్బాలోంచి ఉఫ్‌మని వచ్చే నురుగు వాడవచ్చా అంటే, వాడవచ్చు. నాకు నచ్చదు, అంతే.

నీ మెడ మీది మూడు గాట్లకు కారణం వేరు. నువ్వు పై నుంచి కిందికి గీశావు, అన్ని చోట్లా వెంట్రుకలు కిందికే వాలి ఉంటాయనుకుని. చెంపల మీద అది నిజం. మెడ కింది భాగంలో చాలామందికి అవి పైకో పక్కకో వాలి ఉంటాయి, కొందరికి సుడులు కూడా ఉంటాయి. ఒక రోజు గీసుకోకుండా వదిలేసి, వేళ్లతో నాలుగు వైపులా నిమిరి చూడు. ఏ వైపు నిమిరితే నున్నగా ఉందో అది వాలు, ఏ వైపు గుచ్చుకుంటే అది ఎదురు. ఒక కాగితం మీద ముఖం బొమ్మ గీసుకుని బాణాలు పెట్టుకో. నవ్వకు, నేనూ పెట్టుకున్నాను.

మొదటి రెండు వారాలు వాలు వెంట ఒక్క విడతే గీసుకో. అంతకంటే ఎక్కువ వద్దు. ముఖం కాస్త గరుకుగా మిగులుతుంది, మిగలనీ. ఈ పద్ధతిలో వెంట్రుకను ఒక్కసారిగా నేలమట్టం చేయము, విడత విడతకీ తగ్గిస్తూ వస్తాము. చెయ్యి కుదిరాక రెండో విడత మళ్లీ నురుగు రాసుకుని అడ్డంగా గీయి. నురుగు లేని చోట బ్లేడు పెట్టడమన్న మాటే ఉండకూడదు. ఎదురు గీత ఇంకో నెల దాకా తలపెట్టకు. అసలు అది అందరికీ అక్కరలేదు. గిరజాల గడ్డం ఉన్నవాళ్లకు ఎదురు గీస్తే వెంట్రుక చర్మం కిందికి తెగి, లోపలికే మొలిచి పొక్కులు కడుతుంది. అలాంటివి తరచుగా వస్తుంటే నా ఉత్తరం పక్కన పెట్టి చర్మవైద్యుణ్ణి కలువు. గీసేటప్పుడు మరో చేత్తో చర్మాన్ని బిగువుగా లాగి పట్టుకోవడం మరిచిపోకు, ముఖ్యంగా మెడ దగ్గర. వదులు చర్మం బ్లేడు ముందు మడతపడుతుంది. ఆ మడతే తెగుతుంది.

బ్లేడు పెట్టేటప్పుడు పొడుగు అంచులు ముట్టుకోకు, పొట్టి కొసలు పట్టుకో. బిగించాక రెండు వైపులా బ్లేడు సమంగా బయటికి కనిపిస్తోందా అని ఎదురుగా పెట్టి చూడు. ఒక వైపు ఎక్కువ ఉంటే విప్పి మళ్లీ బిగించు. ఒక బ్లేడు మూడు నుంచి అయిదు సార్లు వస్తుంది. లాగుతున్నట్టు అనిపించిన మరుక్షణం లెక్క చూడకుండా మార్చెయ్యి. కడిగి విదిలిస్తే చాలు, తువ్వాలుతో తుడవకు, అంచు పాడవుతుంది. తువ్వాలూ పాడవుతుంది. నీ మిత్రులు పది రకాల బ్లేడుల పేర్లు చెబుతారు. ఈ రెండంచుల బ్లేడులన్నీ ఒకే కొలత, ఏదైనా నీ రేజరుకు సరిపోతుంది. నిజమే, కొన్నిటికి పదును ఎక్కువ, కొన్ని సౌమ్యం. కానీ నెల పాటు ఒకటే వాడు. బ్లేడూ మారి చెయ్యీ మారుతుంటే ఏది ఏం చేసిందో నీకు ఎప్పటికీ తెలియదు.

రేజరు చేతిలోంచి జారితే పట్టుకోబోకు. పడనీ. ఒకసారి నేను గాలిలో అందుకున్నాను, చాలా చాకచక్యంగా. ఆ మచ్చ చూపుడు వేలి మీద ఇప్పటికీ ఉంది, వచ్చినప్పుడు చూపిస్తాను.

అయ్యాక చన్నీళ్లతో కడుక్కుని, తడి ముఖం మీద పటిక బిళ్ల రుద్దు. చిన్న గాట్ల నుంచి రక్తం ఆగిపోతుంది, కాగితం ముక్కలతో పని ఉండదు. దానికంటే ముఖ్యం, పటిక అబద్ధం చెప్పదు. నొక్కిన చోటల్లా చురుక్కుమంటుంది. ఎక్కడెక్కడ మండిందో గుర్తుపెట్టుకుంటే రేపు చెయ్యి ఎక్కడ తేలిక చేయాలో తెలుస్తుంది. అర నిమిషం ఉంచి కడిగేసి, స్పిరిటు లేని ఏదైనా లేపనం కాస్త రాసుకో. రేజరు గానీ, పటిక గానీ ఎవరికీ అరువివ్వకు, ఎంత ప్రాణమిత్రుడైనా సరే. రక్తం ద్వారా పాకే రోగాలు స్నేహం చూడవు. వాడిన బ్లేడులను చెత్తబుట్టలో అలాగే పడేయకు, చెత్త ఎత్తే మనిషి చెయ్యి తెగుతుంది. ఒక రేకు డబ్బా మూతకు సన్నటి చీలిక పెట్టి అందులో వేస్తూ ఉండు. నాది నిండటానికి ఏళ్లు పట్టింది.

ఈ గాట్లు మానేదాకా, అంటే నాలుగు రోజులు, బ్లేడు ముట్టుకోకు. ఆ తరువాత మొదటి వారం చెంపలు మాత్రమే సేఫ్టీ రేజరుతో గీసుకుని, గడ్డం, మీసం, మెడ నీ పాత రేజరుకే వదిలెయ్యి. చెంపలు చదునుగా ఉంటాయి, నేర్చుకోవడానికి అంతకంటే మంచి చోటు లేదు. రెండో వారం మెడ, ఆ పైన గడ్డం, చివరికి మీసం. గీసేటప్పుడు పంపు కట్టెయ్యి, రేజరు కడగడానికి పక్కన చెంబుతో నీళ్లు పెట్టుకో. పంపు చప్పుడులో బ్లేడు శబ్దం వినపడదు. వారం తరువాత ఉత్తరం రాయి. ఫోటో అక్కరలేదు, ఏం వినపడిందో రాయి.

మీ మామయ్య