చెస్ సందేహాలు: ఆ బెర్లిన్‌లో ఏముంది?

ప్రశ్న: సార్, 2000లో లండన్‌లో జరిగిన వరల్డ్ ఛాంపియన్‌షిప్ గేములు చూస్తున్నా. కాస్పరోవ్ మీద క్రామ్నిక్ నల్లపావులతో బెర్లిన్ డిఫెన్స్ (తెల్ల ఈ4తో మొదలెడితే నల్ల ఆడే ఓ ఓపెనింగ్) ఆడి 8వ ఎత్తుకే క్వీన్లు మార్చేసుకున్నాడు, రాజు డీ8లో నిలబడిపోయాడు, ఇక క్యాస్లింగ్ (రాజును రూక్‌తో కలిపి ఓ పక్కకి దాచే ఎత్తు) లేదు, సీ వరస బంట్లు ఒకదాని వెనక ఒకటి. కావాలని ఎవరైనా ఇలా ఆడతారా? (ఓ పాఠకుడు, ఖమ్మం)

జవాబు: చూడ్డానికి చెత్తగానే ఉంటుందండీ. పైగా మిగతా పావులన్నీ మార్చేసి బంట్లు మాత్రమే మిగిలితే చాలావరకు తెల్లవాళ్ళదే గెలుపు, ఎందుకంటే రాజు వైపు వాళ్ళకి 4 బంట్లు, నల్లకి 3, అటుపక్కేమో నల్లకి 4 ఉన్నా అందులో రెండు ఒకే నిలువు వరసలో ఇరుక్కున్నాయి కాబట్టి ముందుకు తోసినా దారి రాదు. కానీ అంతదాకా రానిస్తేగా! నల్లకి రెండు బిషప్‌లూ ఉన్నాయి, తెల్లకి కొట్టడానికి వీక్ పాయింట్ దొరకదు, క్వీన్లు లేవు కాబట్టి రాజుకి భయం లేదు, మెల్లగా నడుచుకుంటూ సీ8కో ఈ8కో పోతాడు. అసలు కిటుకు అదే, కాస్పరోవ్ అంటే క్వీన్ పెట్టుకుని మీదపడే ఎటాక్, క్రామ్నిక్ ఆ క్వీన్‌నే లేకుండా చేశాడు. 1, 3, 9, 13 గేముల్లో ఇదే డిఫెన్స్, నాలుగూ డ్రా. మధ్యలో 5, 7 గేముల్లో కాస్పరోవ్ ఈ4 బదులు సీ4 బంటుతో మొదలెట్టి చూశాడు, మళ్ళీ ఈ4కే వచ్చి అదే గోడకి తల కొట్టుకున్నాడు, నన్నడిగితే అది పంతమే. కాస్పరోవ్ చేతిలో 1985 నుంచి ఉన్న టైటిల్, ఒక్క గేమూ గెలవకుండా 8.5-6.5తో పోయింది.

అలాగని బెర్లిన్ అంటే గ్యారంటీ డ్రా అనుకోకండి. 2014 సోచి వరల్డ్ ఛాంపియన్‌షిప్ 11వ గేమ్‌లో మన ఆనంద్ నల్లతో ఇదే ఆడి, పొజిషన్ బాగానే ఉన్నా తొందరపడి, తక్కువ విలువున్న బిషప్‌కి రూక్ ఇచ్చేశాడు, కార్ల్‌సన్ గెలిచి మ్యాచే ముగించేశాడు. అది చూస్తుంటే ఇప్పటికీ కడుపు మండుద్ది.

ప్రశ్న: మరి నేను తెల్లతో ఆడేటప్పుడు ఎదుటివాడు బెర్లిన్ వేస్తే? (అదే పాఠకుడు)

జవాబు: 4వ ఎత్తుకి క్యాస్లింగ్ బదులు డీ3 వేసేయండి, ఈ4 బంటుకి కాపలా ఉంటుంది, క్వీన్లు మిగులుతాయి. ఇప్పుడు పెద్దోళ్ళు కూడా ఎక్కువగా అదే ఆడుతున్నారు.