ఖరీదైన కుర్చీ కొనేముందు లాప్‌టాప్ సంగతి చూడండి

ఇంట్లో రోజంతా లాప్‌టాప్ ముందు కూర్చుంటే సాయంత్రానికి మెడ పట్టేస్తోంది, నడుము లాగేస్తోంది, మంచి కుర్చీ కొంటే తగ్గుతుందా, నడుముకి బెల్టు కట్టుకోవచ్చా అని అడిగారు. నేను డాక్టర్ని కాదు. ఏళ్ల తరబడి ఇంటి నుంచే పని చేస్తూ ఈ రెండు నొప్పులూ పడి, ఫిజియోథెరపిస్ట్ దగ్గర నేర్చుకుని చాలావరకు బయటపడ్డవాణ్ణి.

కుర్చీ కంటే ముందు చూడాల్సింది లాప్‌టాప్. దాంట్లో స్క్రీనూ కీబోర్డూ ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి. చేతులకి వీలైన ఎత్తులో పెడితే స్క్రీన్ కిందికి పోయి మెడ వంగుతుంది. కళ్లకి వీలైన ఎత్తులో పెడితే భుజాలు పైకెత్తి టైప్ చేయాలి. ఎంత గొప్ప కుర్చీలో కూర్చున్నా ఈ చిక్కు తీరదు. మన తల బరువు ఇంచుమించు 5 కిలోలు. అది భుజాలకి సూటిగా పైన ఉన్నంతసేపు మెడకి పెద్ద శ్రమ ఉండదు. ముందుకి వంగేకొద్దీ దాన్ని పడిపోకుండా పట్టి ఉంచే పని మెడ వెనక కండరాల మీద పడుతుంది. 2014లో ఒక వెన్నెముక సర్జన్ వేసిన లెక్కలో 15 డిగ్రీలు వంచితే ఆ భారం 12 కిలోలకీ, 60 డిగ్రీలు వంచితే 27 కిలోలకీ చేరింది. అది కంప్యూటర్‌లో వేసిన లెక్కే కానీ ఎవరి మెడలోనూ కొలిచింది కాదు, అంకెలు చూసి భయపడకండి. గంటల తరబడి వంచి ఉంచితే కండరం అలిసిపోతుందన్నది మాత్రం మీ మెడే చెబుతోంది కదా.

అందుకని విడిగా ఒక కీబోర్డు, ఒక మౌస్ తీసుకోండి. లాప్‌టాప్ కింద లావుపాటి పుస్తకాలు పేర్చి, స్క్రీన్ పై అంచు మీ కళ్ల ఎత్తుకి గానీ కాస్త కిందకి గానీ వచ్చేలా, చెయ్యి చాపినంత దూరంలో పెట్టండి. బైఫోకల్ లేదా ప్రోగ్రెసివ్ కళ్లద్దాలు వాడేవాళ్లయితే ఇంకాస్త కిందికి దించాలి. లేకపోతే అద్దాల కింది భాగంలోంచి చూడటానికి గడ్డం పైకెత్తి కూర్చుంటారు, అది ఇంకో నొప్పి. మౌస్ కీబోర్డు పక్కనే ఉండాలి. నా కుడి భుజం వెనక చాలాకాలం సలిపిన నొప్పికి కారణం టేబుల్ చివర ఉన్న మౌసే అని ఫిజియోథెరపిస్ట్ ఒక్క చూపులో పట్టేశారు. దగ్గరికి జరిపాక అది నెమ్మదిగా తగ్గింది.

కుర్చీ మామూలుదైనా పరవాలేదు. పాదాలు నేలకి ఆనాలి, ఆనకపోతే కింద ఏదైనా ఎత్తు పెట్టుకోండి. మోకాలి వెనక భాగానికీ సీటు అంచుకీ మధ్య రెండు మూడు వేళ్ల సందు ఉండాలి. నడుము ఒంపు దగ్గర టవల్ చుట్టి పెట్టుకుంటే చాలామందికి సుఖంగా ఉంటుంది. మంచం మీద, ఒళ్లో లాప్‌టాప్ పెట్టుకుని పని చేయడం కాసేపటికైతే సరే కానీ రోజంతా కుదరదు.

నిటారుగా కూర్చో, నిటారుగా కూర్చో అని చిన్నప్పట్నుంచి విన్నాం. నాకైతే ఆ మాట మీద పెద్దగా నమ్మకం లేదు. 1960లలో స్వీడన్ వైద్యుడు ఆల్ఫ్ నాకెమ్సన్ మనుషుల వెన్నుపూసల మధ్య మెత్తలా ఉండే డిస్కులోకి సూది దింపి ఒత్తిడి కొలిచారు. నిలబడ్డప్పటి కంటే కూర్చున్నప్పుడు ఎక్కువ వచ్చింది, వెనక్కి చేరబడితే తగ్గింది. 1990లలో మళ్లీ కొలిచినప్పుడు కూర్చోవడానికీ నిలబడటానికీ అంత తేడా కనిపించలేదు. నాకర్థమైంది ఏంటంటే, ఏ భంగిమ అయినా కదలకుండా ఉండిపోతేనే ఇబ్బంది. కాసేపు నిటారుగా, కాసేపు వెనక్కి చేరబడి, కాసేపు నిలబడి, ఇలా మారుస్తూ ఉండండి. నిలబడి పని చేసే టేబుల్ కూడా అంతే, రోజంతా నిలబడితే కాళ్లు పీకుతాయి.

ఆఫీసులో మనకి తెలియకుండానే తిరుగుతాం. పక్క సీటు దాకా వెళ్తాం, మీటింగ్ రూముకి వెళ్తాం, రాకపోకలకి నడుస్తాం. ఇంట్లో మంచం నుంచి టేబుల్‌కి నాలుగు అడుగులే. ఆ పోయిన నడకని మనమే తెచ్చుకోవాలి. నేను అరగంటకోసారి లేస్తాను. ఫోన్ కాల్స్ అన్నీ హెడ్‌సెట్ పెట్టుకుని తిరుగుతూనే. ఫోన్‌ని చెవికీ భుజానికీ మధ్య ఇరికించి మాట్లాడే అలవాటుంటే ఈరోజే మానేయండి. నీళ్ల సీసా దగ్గర పెట్టుకోను, చిన్న గ్లాసు తెచ్చుకుంటాను, అదే నన్ను లేపుతుంది.

లేచినప్పుడు నాకు బాగా పనికొచ్చినవి: గడ్డాన్ని నేరుగా వెనక్కి జరిపి కొన్ని సెకన్లు ఆపడం, భుజం రెక్కల్ని వెనక దగ్గరికి నొక్కడం, చేతులు నడుము మీద పెట్టి మెల్లగా వెనక్కి వంగడం. వీటితో అప్పటికప్పుడు హాయిగా ఉంటుంది. నొప్పి తిరగబెట్టకుండా కాపాడింది మాత్రం రోజూ నడక, వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి నడుము పైకెత్తే వ్యాయామం. ఏది చేస్తున్నా నొప్పి కాల్లోకో చేతిలోకో పాకితే ఆపేయండి.

పట్టేసిన రోజున పూర్తిగా మంచానికి అతుక్కుపోకండి. పాత సలహా అదే కానీ ఇప్పుడు డాక్టర్లు వీలైనంత తిరగమనే చెబుతున్నారు. వేడి కాపడం హాయినిస్తుంది. నొప్పి మాత్రలు సొంతంగా రోజుల తరబడి మింగొద్దు, కడుపుకీ కిడ్నీలకీ ముప్పు. కొత్తగా వచ్చిన నడుము నొప్పి చాలావరకు కొన్ని వారాల్లో సర్దుకుంటుంది. కంగారుపడి ఎంఆర్‌ఐకి పరిగెత్తితే అందులో 'డిస్క్ బల్జ్', అంటే డిస్కు కాస్త బయటికి ఉబ్బింది అని కనపడి టెన్షన్ ఇంకా పెరుగుతుంది. ఏ నొప్పీ లేని ఇరవై ఏళ్లవాళ్లలో కూడా దాదాపు 30 శాతం మందికి అది కనిపిస్తుందని 2015లో వచ్చిన ఒక సమీక్ష తేల్చింది.

ఇక బెల్టు. దీర్ఘకాలిక నడుము నొప్పికి మామూలు చికిత్సగా బెల్టులు వాడొద్దనే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మార్గదర్శకాల్లో ఉంది. వ్యాయామం, అవగాహన లాంటివాటికే అందులో మొగ్గు. నా సలహా కూడా కొనొద్దనే.

ఒక్క విషయంలో మాత్రం ఆలస్యం చేయకండి. మలమూత్రాల మీద అదుపు తప్పడం, తొడల మధ్య స్పర్శ తెలియకపోవడం, కాలో చెయ్యో బలహీనపడుతూ రావడం, నడకలో తూలడం కనిపిస్తే అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి. నొప్పితో పాటు జ్వరం ఉన్నా, కారణం లేకుండా బరువు తగ్గుతున్నా, గతంలో క్యాన్సర్ వచ్చి ఉన్నా, కింద పడ్డాక నొప్పి మొదలైనా ఇంటి చిట్కాలతో కాలక్షేపం చేయకుండా డాక్టరుకి చూపించండి.