పెట్టె మీది అంకెలూ, పొలంలో పనితనమూ: ట్రాప్ కెమెరాలపై పాఠకుల ప్రశ్నలు

అడవి జంతువుల కదలికలను రాత్రింబవళ్లు దానంతట అదే చిత్రించే ఇన్‌ఫ్రారెడ్ ట్రాప్ కెమెరా ఇప్పుడు అటవీ శాఖకే పరిమితం కాకుండా రైతుల చేతికీ, విద్యార్థుల చేతికీ వచ్చింది. దీనిపై వచ్చిన ప్రశ్నలలో కొన్నింటికి ఈ సంచికలో జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: మాది నల్లమల అంచున ఉన్న పల్లె. మొక్కజొన్న చేలోకి రాత్రిళ్లు అడవి పందులు వస్తున్నాయి. ఏ వైపు నుంచి, ఏ వేళకు వస్తున్నాయో తెలిస్తే అక్కడ కంచె గట్టిపరుచుకోవచ్చునని ఒక ఇన్‌ఫ్రారెడ్ కెమెరా కొన్నాను. 25 మీటర్ల దూరం వరకు జంతువును పసిగడుతుందని పెట్టె మీద రాసి ఉంది. తెల్లవారి చూస్తే కంకులు విరిగి పడి ఉంటున్నాయి, మెమరీ కార్డులో మాత్రం ఊగుతున్న ఆకులు తప్ప ఏమీ కనిపించడం లేదు. కెమెరాలో లోపమా, నేను పెట్టిన తీరులో లోపమా?
– ఒక రైతు, ప్రకాశం జిల్లా

జవాబు: కెమెరా పాడైందని అప్పుడే నిర్ణయించుకోవద్దు. అది ఎలా మేలుకుంటుందో ముందు తెలుసుకుంటే లోపం ఎక్కడుందో మీరే పట్టుకోగలరు. కటకానికి కింద పాలరంగు ప్లాస్టిక్ బిళ్ల ఒకటి ఉంటుంది. దాని వెనక ఉన్న సెన్సర్ తాను ఏ కిరణాన్నీ పంపదు; ఎదుట ఉన్నవాటి పైభాగం నుంచి వెలువడే వేడిని గమనిస్తూ ఉంటుంది, అంతే. ఆ బిళ్ల ఎదుటి స్థలాన్ని పట్టీలు పట్టీలుగా విడదీసి చూపిస్తుంది. చుట్టుపక్కల కంటే వెచ్చగానో చల్లగానో ఉన్న శరీరం ఒక పట్టీలోంచి మరొక పట్టీలోకి దాటినప్పుడే సెన్సర్ కెమెరాను లేపుతుంది. అంటే దానికి రెండూ కావాలి: ఉష్ణోగ్రతలో తేడా, అడ్డంగా కదలిక. నేరుగా కెమెరా వైపు నడిచి వచ్చే జంతువు చాలా దగ్గరకు వచ్చేదాకా పట్టుబడకపోవడానికి కారణం ఇదే.

ఇక మన వేసవిని గుర్తుకు తెచ్చుకోండి. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం వేళ నేల, రాళ్లు, చెట్ల మొదళ్లు దాదాపు జంతువు వెంట్రుకల ఉపరితలమంత వెచ్చగా ఉంటాయి. ఆ వేళ సెన్సర్‌కు పంది కూడా నేలలో కలిసిపోతుంది. మిట్టమధ్యాహ్నం నేల మరీ కాలిపోతున్నప్పుడు జంతువే పరిసరాల కంటే చల్లగా ఉండి తిరిగి పట్టుబడవచ్చు. తేడా పూర్తిగా కరిగిపోయే వేళలే చిక్కు తెచ్చిపెడతాయి. పెట్టె మీది 25 మీటర్ల మాట చల్లని వాతావరణంలో, అడ్డంగా నడిచే పెద్ద శరీరం విషయంలో నిజం కావచ్చు. అది మీ చేనుకు, మీ నెలకు, మీ పందికి వర్తిస్తుందో లేదో చెప్పగలిగింది మీ చేనులో చేసే పరీక్ష ఒక్కటే.

ఆ పరీక్ష కష్టమైనది కాదు. కెమెరాను గట్టి గుంజకు, నేల నుంచి సుమారు 50 సెంటీమీటర్ల ఎత్తున, అంటే పంది ఒంటి మధ్య మట్టానికి కాస్త అటూ ఇటూగా కట్టండి. మనిషి ఛాతీ ఎత్తున కట్టి కిందికి వంచితే పంది పిల్లలూ, కుందేళ్లూ సెన్సర్ చూపుకు కింద నుంచి వెళ్లిపోతాయి. కెమెరా ముందు 5, 10, 15, 20 మీటర్ల దూరాలలో సున్నంతో గీతలు గీయండి. ఒక్కొక్క గీత మీదుగా మేకనో కుక్కనో తాడుతో పట్టుకొని అడ్డంగా నడిపించండి. తాడు పట్టుకొన్న మనిషి సెన్సర్ చూపుకు బయట ఉండాలి, లేకపోతే మీరు పరీక్షించినది మనిషిని అవుతుంది. ప్రతి గీత మీద పదేసి సార్లు నడిపించి, ఎన్నిసార్లు ఫొటో వచ్చిందో రాసుకోండి. ఇదంతా తెల్లవారుజామున ఒకసారి, సూర్యుడు దిగిన వెంటనే ఒకసారి, పందులు వచ్చే రాత్రి వేళ ఒకసారి చేయాలి. పదికి తొమ్మిది వచ్చిన దూరాన్ని మీ కెమెరా దూరంగా లెక్కపెట్టుకోండి. పదికి నాలుగు వచ్చిన దూరం మీద ఏ నిర్ణయమూ ఆధారపడకూడదు.

ఫొటోల సంఖ్యతో పాటు ఫొటోలో శరీరం ఎక్కడుందో కూడా చూడాలి. సెన్సర్ మేలుకొన్న తరువాత ఫొటో తీయడానికి కెమెరాకు కొంత సమయం పడుతుంది. సెకనుకు మీటరున్నర చొప్పున నడిచే పంది అర సెకనులో ముప్పావు మీటరు ముందుకు పోతుంది, అది చిత్రంలోనే ఉంటుంది. అదే బెదిరి పరుగెత్తేదైతే తోక మిగులుతుంది, లేదా ఖాళీ చేను మిగులుతుంది. ఖాళీ ఫొటోలు పదే పదే వస్తుంటే కెమెరాను పందుల దారికి సూటిగా అడ్డంగా కాకుండా కొంత ఏటవాలుగా తిప్పి, జంతువు చిత్రంలో మరికొంత సేపు ఉండేలా చూడండి.

ఊగే ఆకుల సంగతికి వద్దాం. ఎండకు వేడెక్కిన ఆకు గాలికి కదిలితే సెన్సర్‌కు అదీ కదిలే వెచ్చని వస్తువే. కెమెరాకు ముందు రెండు మూడు మీటర్ల మేర గడ్డిని, వంగిన ఆకులను కోసివేయండి. తూర్పు, పడమరలకు కాకుండా ఉత్తరానికి ముఖం పెడితే ఉదయం, సాయంత్రం ఎండ సూటిగా తగలదు.

అన్నిటికంటే నమ్మదగిన పరీక్షకు కెమెరాతో పనే లేదు. కెమెరా చూసే చోట దారికి అడ్డంగా రెండడుగుల వెడల్పున మెత్తటి మట్టి పోసి, సాయంత్రం చీపురుతో చదును చేసి రండి. ఉదయం ఆ మట్టిని చదివి, తరువాత కార్డు తెరవండి. మెత్తటి మట్టిలో అడవి పంది అడుగు తేలికగానే తెలుస్తుంది: ముందు రెండు గిట్టల మొనలు మొద్దుగా ఉంటాయి, వాటి వెనక రెండు పక్కలా కాస్త దూరంగా చిన్న గిట్టల ముద్రలు పడతాయి. దుప్పి అడుగు సన్నగా, కొనదేలి ఉంటుంది. గట్టి నేల మీద దాని వెనక గిట్టలు సాధారణంగా కనిపించవు. మట్టిలో అడుగు ఉండి కార్డులో ఫొటో లేకపోతే కెమెరా పందిని పట్టుకోలేకపోయిందన్నమాట. రెండింటిలోనూ లేకపోతేనే ఆ రాత్రి ఆ దారిన పంది రాలేదని అనగలరు. ఈ తేడాను పట్టించుకోక, ఫొటో లేదు కాబట్టి జంతువు లేదనుకొని కంచెను వేరొక వైపు వేసుకొన్న రైతుకు డబ్బూ పోతుంది, పంటా పోతుంది.

ప్రశ్న: మా కళాశాల ప్రాజెక్టు కోసం తీసిన రాత్రి ఫొటోలలో జంతువులు పొగమరకల్లా వస్తున్నాయి. 30 మెగాపిక్సెళ్ల కెమెరా అని కొన్నాం. చిరుతలను మచ్చలను బట్టి విడివిడిగా గుర్తించడం ఈ ఫొటోలతో సాధ్యమా?
– ఒక డిగ్రీ విద్యార్థిని, నంద్యాల జిల్లా

జవాబు: చాలా సందర్భాల్లో సాధ్యం కాదు, ఆ పరిమితిని మీ నివేదికలో రాయడం మంచిది. రాత్రి వేళ ఈ కెమెరా కంటికి కనిపించని కాంతిలో నలుపు తెలుపు చిత్రం తీస్తుంది. ఆ కాంతి తక్కువ కాబట్టి షట్టర్ ఎక్కువ సేపు తెరిచి ఉండాలి, ఆ సేపట్లో జంతువు కదిలితే చిత్రం అలుక్కుపోతుంది. మెగాపిక్సెళ్ల అంకెను చూసి మోసపోవద్దు. చాలా కెమెరాలలో అసలు సెన్సర్ చిన్నదే, లోపలి సాఫ్ట్‌వేర్ చిత్రాన్ని సాగదీసి ఆ అంకెను చేరుస్తుంది. దీనిని పరీక్షించడానికి ఒక అట్ట మీద వేర్వేరు పరిమాణాల్లో నల్లని మచ్చలు గీసి, చీకట్లో 3, 5, 8 మీటర్ల దూరాల్లో నడక వేగంతో మోసుకుపొమ్మని స్నేహితురాలికి చెప్పండి. ఏ దూరంలో మచ్చలు ఒకదానితో ఒకటి కలిసిపోతున్నాయో అక్కడితో మీ గుర్తింపు ఆగిపోతుంది.

ఇన్‌ఫ్రారెడ్ దీపాలు రెండు రకాలు. 850 నానోమీటర్లవి దూరం వెలిగిస్తాయి, కాని వెలిగినప్పుడు సన్నని ఎర్రని కాంతి బయటికి కనిపిస్తుంది. 940 నానోమీటర్లవి మన కంటికి దాదాపుగా కనిపించవు, కాని కెమెరా సెన్సర్ ఆ కాంతికి అంతగా స్పందించదు కాబట్టి దూరం తగ్గుతుంది, చిత్రం మసకబారుతుంది. దొంగల భయం ఉన్నచోట రెండోది, స్పష్టత కావలసిన చోట మొదటిది ఎంచుకోవచ్చు.

పులుల గణనలో చారలను పోల్చవలసి ఉంటుంది గనుక తెల్లని ఫ్లాష్ కెమెరాలకు ప్రాధాన్యం ఉంది. పులి కుడి పక్క చారలూ ఎడమ పక్క చారలూ ఒకేలా ఉండవు కాబట్టి దారికి రెండు వైపులా ఎదురెదురుగా రెండు కెమెరాలు పెడతారు. 2018 నాటి జాతీయ గణనలో 26,838 చోట్ల కెమెరాలు పెట్టగా 3,48,58,623 ఫొటోలు వచ్చాయి. అందులో పులులవి 76,651, చిరుతలవి 51,777. ఈ ఫొటోల అంకెలను పక్కపక్కన పెట్టి చూస్తే మీ కార్డులో వందల కొద్దీ ఫొటోల నడుమ ఒక్క చిరుత కనిపించినా నిరుత్సాహపడనక్కరలేదని అర్థమవుతుంది. ఆ గణనలో కూడా పట్టుబడిన పులులను మాత్రమే లెక్కపెట్టి ఊరుకోరు. పట్టుబడనివి ఎన్ని ఉండవచ్చునో, ఒకే పులి మళ్లీ మళ్లీ ఎన్నిసార్లు దొరికిందన్న దానిని బట్టి గణితంతో అంచనా కడతారు. కర్ణాటకలోని నాగరహొళెలో పులుల శాస్త్రవేత్త ఉల్లాస్ కారంత్ 1990లలో పులుల విషయంలో నిలబెట్టిన పద్ధతి ఇదే.

ప్రశ్న: బ్యాటరీలు ఇంకా సగం ఉన్నాయని తెర మీద చూపిస్తున్నా రాత్రి ఫొటోలు నల్లగా ఎందుకు వస్తున్నాయి?
– ఒక పాఠకుడు, కడప

జవాబు: పగటి ఫొటోకు అతి తక్కువ కరెంటు చాలు, రాత్రి దీపాలన్నీ ఒక్కసారి వెలగాలంటే చాలా కావాలి. ఆల్కలైన్ బ్యాటరీల వోల్టేజి వాడుతున్న కొద్దీ మెల్లమెల్లగా దిగిపోతుంది, దానితో పాటు వెలుగు దూరమూ తగ్గుతుంది. ఒకసారి వాడి పారేసే లిథియం బ్యాటరీలు ఖరీదెక్కువైనా దాదాపు చివరిదాకా వోల్టేజి నిలబెడతాయి. పాతవీ కొత్తవీ కలపవద్దు. పరీక్ష ఎప్పుడూ రాత్రి ఫొటోతోనే చేయండి. దీపాల మీద సాలెగూడు కట్టిందేమో, పెట్టె లోపల చీమలు చేరాయేమో కూడా ఒకసారి చూడండి.

ప్రశ్న: మా ఊరు అమ్రాబాద్ అడవికి ఆనుకొని ఉంది. కెమెరాను అడవిలో పెట్టి, ముందు కాస్త గింజలు చల్లి, పందుల దారి కనిపెట్టి వేటాడితే పంటలకు బెడద తగ్గుతుందని మా కుర్రాళ్లు అంటున్నారు. తప్పా?
– ఒక పాఠకుడు, నాగర్‌కర్నూల్ జిల్లా

జవాబు: తప్పే. కుర్రాళ్లకు ఈ మాట ఈరోజే గట్టిగా చెప్పండి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను నిషేధించింది. ఆ చట్టం దృష్టిలో వేట అంటే చంపడం ఒక్కటే కాదు. ఉచ్చు వేయడం, ఎర వేయడం, అందుకు ప్రయత్నించడం కూడా వేటే. కాబట్టి వేట ఉద్దేశంతో కెమెరా ముందు చల్లిన గింజలే కేసుకు చాలు. అభయారణ్యంలో అనుమతి లేకుండా ప్రవేశించడం వేరొక నేరం. అక్కడ ఫొటోగ్రఫీకీ ముందస్తు అనుమతి ఉండాలి. పంటను పాడుచేసే జంతువు విషయంలోనైనా చట్టం అధికారం ఇచ్చిన అధికారి కారణాలు చూపి రాతపూర్వకంగా ఉత్తర్వు ఇవ్వాలి తప్ప ఎవరికి వారు నిర్ణయించుకోవడానికి వీలులేదు. పందుల కోసం వేసిన ఉచ్చులో చిరుత చిక్కుకోవడం, పందుల కోసం లాగిన కరెంటు తీగ తగిలి పొలానికి వెళ్లిన మనిషే ప్రాణాలు పోగొట్టుకోవడం మన రెండు రాష్ట్రాల్లోనూ పదే పదే జరుగుతున్న దారుణం. ఆ దారి పట్టవద్దు.

కెమెరాను మీ సొంత చేనులో, మీ గట్టుకే పరిమితం చేయండి. తేదీ, సమయం సరిగా పెట్టుకొంటే ఆ ఫొటోలు పంట నష్టం అర్జీకి తోడ్పడతాయి. పెట్టేముందు గడియారాన్ని మీ ఫోనుతో సరిచూసి, పగలు రాత్రి తారుమారు కాలేదని నిర్ధారించుకోండి. ఒకవేళ చిరుతో పులో పడితే ముందుగా అటవీ శాఖ బీట్ అధికారికి చెప్పండి. స్థలం పేరుతో ఆ ఫొటోను వాట్సాప్‌లో తిప్పితే ఊరికి భయమూ వేటగాళ్లకు సమాచారమూ అందించినట్టవుతుంది.

మరొక మాట ఉంది, ఇది అడగకపోయినా చెప్పాలి. ఆడవాళ్లు కట్టెలకూ బహిర్భూమికీ నడిచే దారి వైపు కెమెరా ముఖం పెట్టకూడదు. ఉత్తరాఖండ్‌లోని కార్బెట్ ప్రాంతంలో జంతువుల కోసం పెట్టిన కెమెరాలు అడవికి వెళ్లే స్త్రీలను ఎంత కలవరపెట్టాయో 2024లో వెలువడిన కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయ పరిశోధన బయటపెట్టింది. పొరపాటున మనుషులు పడిన ఫొటోలను ఎవరికీ చూపకుండా తొలగించండి, కెమెరా ఎక్కడుందో ఊరివారికి ముందే చెప్పండి.

ప్రశ్న: డల్లాస్‌లో ఉంటాం. మిత్రులతో కలిసి జింకల వేటకు లీజు తీసుకొన్న పొలంలో ట్రెయిల్ కెమెరాలు (ట్రాప్ కెమెరాలను ఇక్కడ అలా అంటారు) పెడుతున్నాం. ఇంటర్నెట్‌లో సమీక్షలు చూసి కొన్నది ఇక్కడ సరిగా పనిచేయడం లేదు. ఇక్కడి నియమాలూ తెలుపగలరు.
– ఒక పాఠకుడు, టెక్సస్

జవాబు: మీరు చూసిన సమీక్షలు ఉత్తరాది రాష్ట్రాల చలిలో చేసినవేమో గమనించండి. మంచు నేల మీద జింక శరీరం స్పష్టంగా వేరుపడుతుంది కాబట్టి అక్కడ సెన్సర్ చాలా దూరం పట్టుకొంటుంది. సెప్టెంబరు నాటి టెక్సస్ ఎండలో అదే కెమెరా అందులో సగం దూరం కూడా చూపకపోతే ఆశ్చర్యం లేదు. పైన ప్రకాశం జిల్లా రైతుకు చెప్పిన గీతల పరీక్షను సెప్టెంబరులో ఒకసారి, చలి బాగా ముదిరిన తరువాత మరొకసారి చేసి రెండు దూరాలనూ విడిగా రాసుకోండి.

నియమాలు రాష్ట్రాన్ని బట్టి మారతాయి. మీ పొలాలను పాడుచేసే ఫెరల్ హాగ్ అనే పంది, నల్లమల అడవి పంది శాస్త్రీయంగా ఒకే జాతికి చెందినవి. మన దేశంలో అనుమతి లేకుండా దానిని వేటాడడం నేరం. టెక్సస్‌లో 2019 సెప్టెంబరు నుంచి సొంతదారు అనుమతి ఉంటే ప్రైవేటు భూమిలో దానిని వేటాడడానికి లైసెన్సు కూడా అక్కరలేదు. జింకలకు మాత్రం లైసెన్సు, సీజను తప్పనిసరి. ఇతర రాష్ట్రాలకు వెళితే అక్కడి నియమాలు మళ్లీ చూసుకోవాలి: అరిజోనా 2022 జనవరి 1 నుంచి వేటకు తోడ్పడేలా ట్రెయిల్ కెమెరాలు వాడడాన్ని నిషేధించింది. జంతువు కదిలిన క్షణమే ఫోనుకు ఫొటో పంపే సెల్యులార్ కెమెరాల సాయంతో సాధించిన ట్రోఫీలను, వేట రికార్డులు నమోదు చేసే అమెరికా సంస్థ బూన్ అండ్ క్రాకెట్ క్లబ్ తన రికార్డులలోకి తీసుకోదు. జంతువుకు తప్పించుకొనే అవకాశం ఉండాలన్న ఆ సంస్థ నియమాన్ని చట్టం కోరకపోయినా మీరు పాటిస్తే బాగుంటుందని మా అభిప్రాయం. కార్డును వారానికొకసారి తీసి చూసుకొనే సాధారణ కెమెరాతోనే పొలంలో ఏ జింకలు తిరుగుతున్నాయో, అందులో పిల్లతల్లులెన్నో తెలుసుకోవచ్చు.