ఫెలోషిప్ ఎంచుకునే ముందు

అమ్మాయీ,

పిల్లల ఎమర్జెన్సీలో ఫెలోషిప్, అంటే స్పెషలిస్టు శిక్షణ, చేస్తానని నువ్వు ఫోన్‌లో చెప్పినప్పటి నుంచి నీకు రాయాలనుకుంటున్నాను. నాకు చాలా సంతోషంగా ఉంది. ఇరవై ఏళ్లకు పైగా ఆ పనే చేశాను కాబట్టి చెబుతున్నాను, ప్రోగ్రామ్‌కు ఎంత పేరుందో తర్వాత చూడు. అక్కడ నీ చేతికి ఎంత పని దొరుకుతుందో ముందు కనుక్కో.

మన దగ్గరికి వచ్చే పిల్లల్లో ఎక్కువమందికి ఉండేది జ్వరం, వాంతులు, చిన్న దెబ్బలు. ప్రాణం మీదికి వచ్చిన బిడ్డ అరుదు. నెలలు గడిచినా గొంతులో ట్యూబు వేసే (ఇంట్యూబేషన్) అవసరం రాకపోవచ్చు. వచ్చిన రోజున ఆ బిడ్డ మూడు కిలోలుండొచ్చు, ముప్ఫై కిలోలుండొచ్చు. మందు డోసు, ట్యూబు సైజు అన్నీ దాన్నిబట్టే మారిపోతాయి. అందుకే ఇంటర్వ్యూకి వెళ్లినప్పుడు, సీనియర్లు పక్కన లేని సమయం చూసి అక్కడి ఫెలోలను అడుగు: పోయిన ఏడాది మీరు ఎన్ని ఇంట్యూబేషన్లు చేశారు? ట్రామా (పెద్ద గాయాల) కేసు వస్తే టీమ్‌ని నడిపేది మీరా, సర్జరీ వాళ్లా? అనస్థీషియా విభాగంలో పని (రొటేషన్) ఎన్ని వారాలు? జవాబు చెప్పడానికి తడుముకుంటే గుర్తుపెట్టుకో.

అమెరికాలో పీడియాట్రిక్స్ చదివి వచ్చేవాళ్లకు ఈ ఫెలోషిప్ మూడేళ్లు. ఎమర్జెన్సీ మెడిసిన్ నుంచి వచ్చేవాళ్లకు రెండేళ్లు చాలు. నీ మూడేళ్లలో పరిశోధన కూడా చేయాలి, బోర్డు సర్టిఫికెట్‌కు అది తప్పనిసరి. ఏ ప్రశ్న మీద పనిచేస్తావో మొదటి ఏడాదిలోనే తేల్చుకో. తలకు దెబ్బ తగిలిన పిల్లల్లో సీటీ స్కాన్ ఎవరికి అక్కర్లేదో చెప్పే పీకార్న్ (పిల్లల ఎమర్జెన్సీ మీద పరిశోధన చేసే ఆసుపత్రుల బృందం) నియమాలు 2009లో వచ్చాయి. చాలా ఆసుపత్రులు కలిసి 42 వేలకు పైగా పిల్లలను చూశాకే వాటిని తయారుచేశాయి. అలాంటి పెద్ద పనిలో చిన్న భాగమైనా దొరికే చోటును వదులుకోకు.

చెయ్యి తిరగడానికి కొన్ని నెలలు పడుతుంది. చూపు కుదరడానికి ఇంకా ఎక్కువ కాలం పడుతుంది. ఫెలోగా మొదటి ఏడాదిలో ఒక రాత్రి, తొమ్మిది నెలల బాబును వాంతులతో తీసుకొచ్చారు. పొట్ట మెత్తగానే ఉంది, నిద్రపోతున్నాడు. నేను డిశ్చార్జి కాగితాలు రాస్తున్నాను. "వీడు ఎప్పుడూ ఇంత మత్తుగా ఉండడు" అంది తల్లి. అలసట అనుకున్నాను. నర్సు వచ్చి మరోసారి చూడమంది. అల్ట్రాసౌండ్‌లో చూస్తే పేగులోకి పేగు దూరి ఉంది. గాలి ఎనిమాతో సరిచేశారు, బాబు కోలుకున్నాడు. పుస్తకంలో చదివిన లక్షణాలన్నీ ఒకేసారి కనిపించే బిడ్డలు తక్కువ. ఆ రాత్రి నుంచి, ఇంటికి పంపే ముందు ప్రతి తల్లినీ "ఎప్పటిలాగే ఉన్నాడా?" అని అడుగుతాను. ఆ జవాబును నువ్వూ పరీక్ష రిపోర్టంత జాగ్రత్తగా విను. అలాగే బీపీ బాగుందని ధీమా పడకు. పిల్లల్లో అది చివరిదాకా నిలబడి ఒక్కసారిగా పడిపోతుంది. గుండె వేగం, కాళ్లూ చేతుల చల్లదనం ముందే చెబుతాయి.

ఉద్యోగాల సంగతి. టీచింగ్ ఉన్న పిల్లల ఆసుపత్రుల్లో జీతం కొంచెం తక్కువే, కానీ అల్ట్రాసౌండ్, టాక్సికాలజీ (విషాల వైద్యం), సిమ్యులేషన్ (నకిలీ కేసులతో సాధన) లాంటి వాటిలో దేన్నైనా నీదిగా చేసుకోవచ్చు. నా మనసు మాత్రం మామూలు ఆసుపత్రుల వైపే ఉంది. జబ్బుపడ్డ పిల్లల్లో ఎక్కువమంది ముందు వెళ్లేది అక్కడికే. అక్కడి నర్సులకు నేర్పి, పిల్లల సైజు సామాను సిద్ధంగా ఉంచే మనిషి ఒక్కరున్నా ఎంతో తేడా వస్తుంది. నువ్వు అటువైపు కూడా ఆలోచించాలని నా కోరిక. ఎక్కడ చేరినా, యాభై దాటినవాళ్లకు రాత్రి షిఫ్టులు ఎలా వేస్తారో ముందే అడుగు.

దరఖాస్తులు వేసవిలో, మ్యాచ్, అంటే నీ ఇష్టాన్నీ ప్రోగ్రామ్‌ల ఇష్టాన్నీ జతచేసి సీటు ఇవ్వడం, డిసెంబర్‌లో. రికమెండేషన్ లెటర్లలో ఒకటైనా, షిఫ్టులో నీ పని కళ్లారా చూసిన పిల్లల ఎమర్జెన్సీ డాక్టర్ దగ్గర తీసుకో. ప్రోగ్రామ్‌లను నీ ఇష్టం వరుసలో రాసిన ర్యాంక్ లిస్టు పంపే ముందు ఒకసారి ఫోన్ చెయ్యి, కలిసి చూద్దాం.

పెద్దమ్మ