మోపనే చెట్టు ఒక్కటే, సముదాయాలు ఎన్నో

ప్రశ్న: దక్షిణాఫ్రికాలోని క్రూగర్ జాతీయ ఉద్యానవనం ఉత్తర భాగంలో ఎటు చూసినా మోపనే చెట్లే కనిపిస్తాయని చదివాను. అయినా శాస్త్రవేత్తలు ఆ ప్రాంతాన్ని ఒకే వనంగా పరిగణించకుండా పలు వృక్ష సముదాయాలుగా విభజిస్తున్నారు. ప్రధాన వృక్షం ఒక్కటే అయినప్పుడు ఈ విభజనకు ఆధారం ఏమిటి?

జవాబు: మోపనే ఆధిక్యం గురించి మీరు చదివినది నిజమే. ఓలిఫాంట్స్ నది దాటి ఉత్తరానికి వెళ్లే కొద్దీ, సీతాకోకచిలుక రెక్కల్లాంటి జంట ఆకులున్న ఈ చెట్టు మిగిలిన వృక్షాలను వెనక్కి నెట్టి విస్తరిస్తుంది. లింపోపో, జాంబెజీ, లువాంగ్వా నదుల లోయల్లోనూ ఇదే పరిస్థితి. అయితే సముదాయాలను వేరు చేయవలసి వచ్చినప్పుడు ఇంత విస్తారంగా పెరిగే చెట్టు పెద్దగా ఉపయోగపడదు. ఎందుకో తెలియాలంటే వర్గీకరణ జరిగే తీరును కొంత వివరంగా చూడాలి.

స్విట్జర్లాండ్‌కు చెందిన జోసియాస్ బ్రౌన్-బ్లాంకే 1928లో గ్రంథస్థం చేసిన పద్ధతినే ఆఫ్రికా దక్షిణ ప్రాంతపు పరిశోధకులు చాలా మంది కొద్ది మార్పులతో అనుసరిస్తున్నారు. ముందుగా ఉపగ్రహ చిత్రాలనో, విమానం నుంచి తీసిన ఛాయాచిత్రాలనో చూసి, ఒకే రకంగా కనిపించే భూభాగాలను గుర్తించి, ప్రతి భాగంలోనూ కొన్ని నమూనా గడులను, అంటే కొలిచి హద్దులు వేసిన చిన్న నేల ముక్కలను, ఎంచుకుంటారు. సవన్నాలో గడి వైశాల్యం తరచుగా 400 చదరపు మీటర్లు ఉంటుంది. నమీబియాలో 20 మీటర్ల వెడల్పు, 50 మీటర్ల పొడవు గల గడులు వాడుకలో ఉన్నాయి. గడిలోని చెట్లను, పొదలను, గడ్డిని, చిన్న మొక్కలను ఒక్కటీ వదలకుండా నమోదు చేసి, ఒక్కో జాతి ఎంత నేలను కప్పుతున్నదో అంచనా వేసి దానికి ఒక అంకె ఇస్తారు. నాలుగింట మూడు వంతుల కన్నా ఎక్కువ కప్పితే 5, ఇరవయ్యో వంతు కన్నా తక్కువైతే 1, అక్కడక్కడా ఒకటి రెండు మొక్కలే ఉంటే కూడిక గుర్తు. గడ్డి జాతులను పూలు, కంకులు లేకుండా గుర్తించడం బాగా అనుభవమున్నవారికి కూడా కష్టం కనుక, ఈ పని సాధారణంగా వానాకాలపు రెండో సగంలో, అంటే అక్కడి లెక్కన జనవరి నుంచి ఏప్రిల్ లోపు, పూర్తి చేస్తారు.

ఆ తరువాత జాతులు అడ్డు వరుసల్లోనూ, గడులు నిలువు వరుసల్లోనూ ఉండేలా ఒక పెద్ద పట్టిక తయారు చేసి, ఒకే జాతులను పంచుకునే గడులు పక్కపక్కకు వచ్చేలా వరుసలను మార్చుకుంటూ పోతారు. మీ ప్రశ్నకు సమాధానం ఇక్కడే ఉంది. ఉత్తర క్రూగర్ పట్టికలో మోపనే వరుస ఈ చివరి నుంచి ఆ చివరి వరకు నిండిపోయి ఉంటుంది కాబట్టి, దాని సాయంతో ఏ గడినీ మరో గడి నుంచి వేరు చేయలేము. కొన్ని గడుల్లో మాత్రమే కలిసికట్టుగా కనిపించి, మిగిలిన చోట్ల లేకుండా పోయే జాతులే సముదాయాన్ని నిర్ధారిస్తాయి. అవి చాలాసార్లు మోకాలి ఎత్తు కూడా లేని మొక్కలు, గడ్డి జాతులు.

ఇలా ఏర్పడిన గుంపులు నేలతో సరిపోలడం ఈ పద్ధతిపై నమ్మకం కలిగిస్తుంది. క్రూగర్ పడమటి భాగం ప్రధానంగా గ్రానైట్ మీద, తూర్పు భాగం బసాల్ట్ మీద ఉన్నాయి. ఉత్తరాన బసాల్ట్ నుంచి ఏర్పడిన బంకమట్టిలో మోపనే ఎక్కువగా పొదలా గిడసబారి ఉంటుంది, దానితో పెరిగే ఇతర వృక్షాలు తక్కువ. గ్రానైట్ మిట్టల మీది ఇసుక నేలలో అదే మోపనే కాంబ్రెటమ్ అపిక్యులాటమ్ అనే చెట్టుతో కలిసి వనంగా పెరుగుతుంది. మోపనే లేని దక్షిణ భాగంలో కూడా నేల ప్రభావం స్పష్టమే. అక్కడి గ్రానైట్ నేలల్లో మిట్ట మీద వెడల్పాటి ఆకుల కాంబ్రెటమ్ చెట్లు ఉంటాయి. కింది వాలులో నీరు ఊరే చోట టెర్మినాలియా సెరీసియా అనే చెట్టు ఒక పట్టీలా పెరుగుతుంది. దాని దిగువన, సోడియం పేరుకున్న బంకమట్టిలో, చిన్న ఆకుల తుమ్మ జాతులు, యూక్లియా పొదలు ఉంటాయి. మిట్ట నుంచి వాగు దాకా ఉన్న కొన్ని వందల మీటర్లలోనే ఇన్ని మార్పులు వస్తాయి. గడి ఇలాంటి రెండు పట్టీల మీద పడితే వచ్చే జాబితా ఏ సముదాయానికీ చెందదు, అందుకే గడిని ఎక్కడ వేయాలన్నది ఈ పనిలో అతి ముఖ్యమైన నిర్ణయమని నా అభిప్రాయం.

ఒక చిన్న హెచ్చరిక. 1983లో గెర్టెన్‌బాఖ్ అనే పరిశోధకుడు క్రూగర్‌ను 35 భూదృశ్యాలుగా విభజించారు. శిలలు, నేల, వాతావరణం, వృక్షాలు, జంతువులు అన్నిటినీ కలిపి చూసిన ఆ విభజనను వృక్ష సముదాయాల పట్టికగా భావించకూడదు, ఎందుకంటే ఒక్కో భూదృశ్యంలో పలు సముదాయాలు ఇమిడి ఉంటాయి.

ప్రశ్న: ఈ పట్టికలను ఇప్పుడు కంప్యూటరే సర్దుతుందని అంటున్నారు. అటువంటప్పుడు పరిశోధకుని అభిప్రాయానికి చోటు ఉండదు కదా?

జవాబు: ఉంటుంది, ఉండాలి కూడా. మార్క్ హిల్ 1979లో రూపొందించిన ట్విన్‌స్పాన్ అనే ప్రోగ్రామ్ గడులన్నిటినీ వాటి జాతుల పోలికను బట్టి ఒక వరుసలో పేర్చి, ఆ వరుసను మధ్యలో రెండుగా చీల్చి, ప్రతి భాగాన్నీ మళ్లీ రెండుగా చీలుస్తూ పోతుంది. నిజానికి ఒకే సముదాయానికి చెందిన గడులను ఇచ్చినా అది చీలుస్తుంది. ఈ లోపాన్ని సరిదిద్దడానికి, అన్నిటి కన్నా ఎక్కువ వైవిధ్యమున్న గుంపునే ముందుగా చీల్చే సవరించిన రూపం 2009లో వచ్చింది. అయినా ఎక్కడ ఆపాలన్నది నేలను చూసిన మనిషే తేల్చుకోవాలి.

పట్టికను ప్రోగ్రామ్‌కు అందించే ముందు చేయవలసిన శ్రమ కూడా తక్కువేమీ కాదు. 2005లో వియన్నాలో జరిగిన వృక్షశాస్త్ర కాంగ్రెస్ తరువాత అకేసియా అనే పేరు ప్రధానంగా ఆస్ట్రేలియా జాతులకు మిగిలింది, ఆఫ్రికా తుమ్మలు వేచెలియా, సెనెగాలియా ప్రజాతుల్లోకి మారాయి. పాత జాబితాలో అకేసియా నైగ్రెసెన్స్ అనీ, కొత్త జాబితాలో సెనెగాలియా నైగ్రెసెన్స్ అనీ ఉన్న ఒకే చెట్టును ప్రోగ్రామ్ రెండు జాతులుగా లెక్కిస్తుంది. ఫలితంగా పాత గడులు ఒక గుంపుగా, కొత్త గడులు మరో గుంపుగా విడిపోయే ప్రమాదముంది.

వచ్చిన గుంపుకు నేలలో కారణం కనిపించనప్పుడు చరిత్రను కూడా చూడాలి. లింపోపో రాష్ట్రంలోని నైల్స్‌వ్లేలో, 1974 నుంచి 1990 వరకు సవన్నా పరిశోధన సాగిన చోట, బర్కియా ఆఫ్రికానా చెట్లున్న నిస్సారమైన ఇసుక నేల మధ్యలో సారవంతమైన తుమ్మ వనాల మచ్చలు కనిపిస్తాయి. అవి ఇనుప యుగపు జనావాసాలు ఉన్న స్థలాలు. మనుషులు, పశువులు అక్కడ చేర్చిన పోషకాలు, ముఖ్యంగా ఫాస్ఫరస్, ఇప్పటికీ ఏ చెట్లు పెరగాలో నిర్ణయిస్తున్నాయి.

ప్రశ్న: నిప్పు వల్లనో ఏనుగుల వల్లనో చెట్లు పొదలుగా మారితే దాన్ని కొత్త సముదాయంగా లెక్కిస్తారా?

జవాబు: జాతుల జాబితా మారనంత వరకు లెక్కించరు. క్రూగర్‌లో 1954 నుంచి వేర్వేరు వ్యవధుల్లో తగలబెడుతూ వచ్చిన ప్రయోగ క్షేత్రాలను నాలుగు దశాబ్దాల తరువాత పరిశీలించినప్పుడు, చెట్ల సాంద్రతలో చెప్పుకోదగ్గ తేడా లేదనీ, పొట్టి చెట్ల నిష్పత్తి మాత్రం బాగా మారిందనీ తేలింది. అందువల్ల జాతుల కూర్పును, నిలువెత్తు రూపాన్ని విడివిడిగా నమోదు చేసి, సముదాయానికి పేరు పెట్టేటప్పుడు ముందు నిర్ధారక జాతి, ప్రధాన జాతి పేర్లను, చివర పొదభూమి, వనం వంటి రూప సూచకాన్ని చేరుస్తారు.