పిల్లల కోసం ఎదురింటావిడతో స్నేహం మానుకోవాలా?

ప్రశ్న: నాకు 62 ఏళ్లు. హైదరాబాద్‌లో మెహదీపట్నం దగ్గర సొంత ఫ్లాట్ ఉంది. మావారు కరెంటు ఆఫీసులో చేసి రిటైరయ్యారు, ఇప్పుడు లేరు. ఆయన పెన్షన్ నాకు వస్తోంది. రెండేళ్ల క్రితం మా అమ్మాయి, అల్లుడు కారు ప్రమాదంలో పోయారు. వాళ్ల పిల్లలు, పన్నెండేళ్ల పాప, ఏడేళ్ల బాబు, నా దగ్గరే పెరుగుతున్నారు. నష్టపరిహారం డబ్బు ట్రిబ్యునల్ వాళ్లు పిల్లల పేర డిపాజిట్ చేయించారు. మా ఎదురు ఫ్లాట్‌లో ఒక ముస్లిం పెద్దావిడ ఉంటుంది. ఆమె కొడుకూ కోడలూ జబ్బులతో ఒకరి తర్వాత ఒకరు పోయారు, మనవణ్ణి ఆమే పెంచుకుంటోంది. స్కూలు బస్సు దగ్గర పరిచయమై బాగా దగ్గరయ్యాం. మా బాబు ఆవిణ్ణి ‘నానీ’ అంటాడు, ఆ పిల్లాడు నన్ను ‘అమ్మమ్మా’ అంటాడు. మొన్న పిల్లల బాబాయి వచ్చి పెద్ద గొడవ చేశాడు. ‘మా అన్న పిల్లల్ని ఎవరి చేతుల్లో పెడుతున్నారు? ఇలాగైతే నేను తీసుకుపోతా’ అన్నాడు. బెంగళూరులో ఉన్న మా అబ్బాయి కూడా ‘ఎందుకమ్మా తలనొప్పి, కొంచెం దూరం పెట్టు’ అంటున్నాడు. పాప ఈమధ్య నోరు విప్పడం లేదు. నేను పోతే వీళ్ల గతేంటన్న టెన్షన్‌తో రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. ఆవిడతో స్నేహం మానుకోవాలా?
– ఒక అమ్మమ్మ, హైదరాబాద్

జవాబు: మానుకోకండమ్మా. మీ ఉత్తరంలో మిగతావన్నీ ఆలోచించి చెప్పాల్సినవే కానీ, దీనికి మాత్రం ఆలోచన అక్కర్లేదు.

కూతురు పోయి రెండేళ్లయినా మీరు తీరిగ్గా కూర్చుని ఏడ్చి ఉండరని నా అనుమానం. పిల్లల ముందు ఏడవకూడదు. అబ్బాయికి ఫోన్ చేస్తే కంగారు పడతాడు. చుట్టాలు వస్తే వాళ్లను మీరే ఓదార్చాలి. ఎదురింటావిడ దగ్గర ఆ అవసరం లేదు. బిడ్డను పోగొట్టుకున్న తల్లి, ఈ వయసులో మళ్లీ టిఫిన్ డబ్బాలు కట్టడం మొదలుపెట్టిన మనిషి, ఆమెకు మీరు విడమరిచి చెప్పాల్సింది ఏమీ ఉండదు. మీకు పెద్ద కుటుంబమే ఉన్నా ఈ ఒక్క విషయంలో మీ పక్కన ఉన్నది ఆవిడే.

ఇలాంటి స్నేహం మీ ఒక్కరిదే కాదు. ఎయిడ్స్ వల్ల ఆఫ్రికా దేశాల్లో ఒక తరం తల్లిదండ్రులు చనిపోతే లక్షలాది పిల్లలు అమ్మమ్మల, నానమ్మల చేతికి వచ్చారు. 2006 ఆగస్టులో కెనడాలోని టొరంటోలో ప్రపంచ ఎయిడ్స్ సదస్సు మొదలయ్యే ముందు, అలాంటి ఆఫ్రికా అమ్మమ్మలు సుమారు వందమంది, కెనడా అమ్మమ్మలు రెండు వందలమంది ఒకచోట కలిశారు. భాషలు వేరు, తిండి వేరు, డబ్బుకైతే పోలికే లేదు. అయినా ఆ పరిచయాలు ఆగిపోలేదు. 2010లో కెనడా వాళ్లు కొందరు ఆఫ్రికాలోని స్వాజిలాండ్ (ఇప్పుడు ఎస్వాటిని అంటున్నారు) వెళ్లి అక్కడి అమ్మమ్మల సభలో కూర్చున్నారు. జింబాబ్వేలో డిక్సన్ చిబాండా అనే సైకియాట్రిస్టు అదే 2006లో 14 మంది బామ్మలకు శిక్షణ ఇచ్చి, క్లినిక్ బయట చెక్క బెంచీ మీద కూర్చోబెట్టి, మనసు బాగాలేని వాళ్లతో మాట్లాడించాడు. ఆ పద్ధతి డిప్రెషన్‌ను తగ్గిస్తోందని తర్వాత పరీక్షించి మరీ తేల్చారు. మీ ఇద్దరికీ ఏ శిక్షణా లేదు, బస్సు స్టాపే మీ బెంచీ.

ఇక పిల్లల బాబాయి సంగతి. ఆయన భయాన్ని పూర్తిగా కొట్టిపారేయకండి. అన్నను పోగొట్టుకున్నాడు, అన్న పిల్లలు తమ ఇంటి పద్ధతులకు దూరమైపోతారేమోనని నిజంగానే అనిపించి ఉండొచ్చు. పిల్లలు తండ్రి ఇంటివాళ్లే అనే మాట మన దగ్గర ఇంకా బలంగానే ఉంది. డిపాజిట్ డబ్బు కూడా ఆయన మనసులో ఉందో లేదో నాకు తెలియదు, మీరు మాత్రం ఆ మాట ఎత్తి గొడవ పెంచొద్దు. ట్రిబ్యునల్ అనుమతి లేకుండా ఆ డబ్బు మీరూ తీయలేరు, ఆయనా తీయలేడు.

ఆయనకు చెప్పాల్సింది ఇంతే: ‘బాబూ, సెలవులకు పిల్లల్ని తీసుకెళ్లు, మీ అన్న చిన్నప్పటి సంగతులు చెప్పు, మీ ఇలవేల్పు దగ్గరికి తీసుకెళ్లు. నానమ్మ ఇల్లు వాళ్లకు కావాలి. కానీ వాళ్లకు జ్వరమొస్తే రాత్రి రెండింటికి ఆటో పిలిచేది ఎవరో కూడా చూడు.’ మాట ఇచ్చి ఊరుకోకుండా దసరాకో సంక్రాంతికో నిజంగానే పంపండి. పిల్లలు తనకు దూరం కావడం లేదని తెలిస్తే ఆయన గొంతు చాలావరకు తగ్గుతుంది.

మతం సంగతి మీరిద్దరూ పైకి మాట్లాడుకున్నారా? మొహమాటానికి వదిలేసి ఉంటారు, చాలామంది అంతే. ఒకరోజు టీ తాగుతూ తేల్చుకోండి. మీ పిల్లలు వాళ్లింట్లో ఏం తినొచ్చు, ఏం తినకూడదు, వాళ్ల పిల్లాడికి మీ ఇంట్లో ప్రసాదం పెట్టొచ్చా, మీరు పూజలో ఉన్నప్పుడు, ఆవిడ నమాజులో ఉన్నప్పుడు పిల్లలు ఎక్కడుండాలి. ఆవిడ మీకంటే పట్టింపుగా ఉన్నా నేను ఆశ్చర్యపోను. అవతల ఆవిడ చుట్టాలూ మీ పిల్లల బాబాయి మాటే అంటున్నారేమో, అది కూడా అడగండి. రంజాన్‌కు సేమ్యా, ఉగాదికి పచ్చడి ఇచ్చిపుచ్చుకున్నంత మాత్రాన ఏ పిల్లాడి మతమూ మారదు. ఇద్దరి మధ్య మాట స్పష్టంగా ఉంటే బయటివాళ్లకు జవాబు చెప్పడం తేలికవుతుంది.

బాబాయి ‘తీసుకుపోతా’ అన్న మాటతో నిద్ర పోగొట్టుకుంటున్నారు కాబట్టి చట్టం సంగతి కూడా చెబుతాను. 1956 నాటి హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టం ప్రకారం తల్లిదండ్రులే సహజ సంరక్షకులు. వాళ్లు లేనప్పుడు అమ్మమ్మకైనా బాబాయికైనా ఆ హోదా దానంతట అది రాదు, కోర్టు ఇవ్వాలి. ఇచ్చేటప్పుడు పిల్లల క్షేమాన్నే ముఖ్యంగా చూస్తుంది. మీ పాపకు పన్నెండేళ్లు, తన ఇష్టమేమిటో జడ్జి అడిగే వయసు. అందుకని ఫ్యామిలీ కోర్టులో గార్డియన్‌షిప్ పిటిషన్ వేయండి. మహిళలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా లాయర్ని ఇస్తుంది, 15100కి ఫోన్ చేయండి. బ్యాంకు, పాస్‌పోర్టు పనుల్లో కూడా ఆ ఆర్డర్ పనికొస్తుంది. ఇది బాబాయి మీద కేసు కాదని ఆయనకు ముందే చెబితే మంచిది.

ఎదురింటావిడకు ఆదాయం ఏముందో మీరు రాయలేదు. తల్లిదండ్రులు లేక బంధువుల దగ్గర పెరుగుతున్న పిల్లలకు కేంద్ర ప్రభుత్వ పథకం మిషన్ వాత్సల్య కింద నెలకు 4,000 రూపాయలు ఇచ్చే ఏర్పాటు ఉంది. పట్టణాల్లో కుటుంబ ఆదాయం ఏడాదికి 96,000 దాటకూడదు. మీ పెన్షన్ వల్ల మీకు రాకపోవచ్చు, ఆవిడకు రావచ్చు. జిల్లా బాలల పరిరక్షణ విభాగంలో అడగాలి. ఆవిడకు దరఖాస్తులు నింపడం ఇబ్బందైతే మీరు తోడు వెళ్లండి. మీ కోర్టు పనికి ఆవిణ్ణి తోడు రమ్మనండి. అలాంటి చోట్లకు ఒంటరిగా వెళ్లి బెంచీ మీద కూర్చోవడం ఈ వయసులో ఎంత కష్టమో నా దగ్గరికొచ్చే పెద్దవాళ్లు చెబుతూనే ఉంటారు.

నాకు ఎక్కువ దిగులుగా ఉన్నది పాప గురించి. బాబాయి అరిచినప్పుడు తను ఇంట్లోనే ఉందా? ‘తీసుకుపోతా’ అన్న మాట వినే ఉంటుంది. ఒకసారి అమ్మానాన్నలు ఉన్నట్టుండి మాయమైన పిల్లకు ఆ మాట ఎలా తగిలి ఉంటుందో చూడండి. పైగా పన్నెండేళ్ల ఆడపిల్ల, తను ఏడిస్తే అమ్మమ్మ కూలిపోతుందని లెక్క వేసుకుని నోరు కట్టేసుకునే వయసు. మీరు తన కోసం దాస్తున్నారు, తను మీ కోసం దాస్తోంది. దీన్ని మీరే మొదట తెంచాలి. అమ్మ ఫోటో బీరువాలో ఉంటే బయటికి తీయండి. ‘ఇవాళ మీ అమ్మ బాగా గుర్తొస్తోందే’ అని తన ముందే అనండి. కన్నీళ్లొస్తే రానివ్వండి. ప్రమాదం గురించి ఏదైనా అడిగితే తెలిసినంత నిజం చెప్పండి. ‘కోర్టులో పేపర్లు వేస్తున్నాం, నిన్ను అడక్కుండా ఎక్కడికీ పంపం’ అని స్పష్టంగా చెప్పండి. కొన్ని వారాలు గడిచినా మార్పు లేకపోతే, తిండి, నిద్ర, చదువు దెబ్బతింటుంటే, పిల్లల మనసు చూసే సైకాలజిస్టుకు చూపించాలి. ప్రభుత్వం నడిపే మానసిక ఆరోగ్య సహాయ లైన్ టెలిమానస్ 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు. నిద్ర పట్టడం లేదన్నారుగా, మీ గురించి కూడా అదే ఫోన్‌లో మాట్లాడండి. బీపీ, షుగర్ చూపించుకుని ఎన్నాళ్లయింది?

‘నేను పోతే’ అన్న ప్రశ్న మీ అబ్బాయిది కూడా. ఆయన సలహాలు ఫోన్‌లో చెబుతున్నాడు కానీ ఈ ప్రశ్న ఆయన్ను ఎవరూ సూటిగా అడిగినట్టు లేదు. ఈసారి ఇంటికొచ్చినప్పుడు కోడలి ముందే అడగండి: ‘నాకేమైనా అయితే పిల్లల్ని మీరు చూస్తారా?’ అవునంటే పిటిషన్‌లో మీతో పాటు అతని పేరూ పెట్టొచ్చేమో లాయర్ని కనుక్కోండి. కాదంటే అది ఇప్పుడే తెలియడం మంచిది. అప్పుడు బాబాయితో, నానమ్మతో కూర్చుని ఇంకో దారి వెతకడానికి మీకు టైముంటుంది. ఏది తేలినా ఒక కాగితం మీద రాసి, దాని కాపీ ఎదురింటావిడ దగ్గర కూడా ఉంచండి. మీ పిల్లల డాక్టరు ఎవరో, స్కూలు నంబరేమిటో ఆవిడకు తెలుసు. మీ అబ్బాయి నంబరు ఆవిడ ఫోన్‌లో ఉందో లేదో చూడండి.